స్పీకరు మీది గుడ్డ



ఇప్పుడు నా మాట మీ చెవిదాకా వస్తోందంటే మధ్యలో ఏదో ఒక జాలీ దాటుకునే వస్తోంది. కారులో వింటున్నారా, తలుపుకుండే చిల్లుల ప్లాస్టిక్కు. వంటింట్లో చిన్న ట్రాన్సిస్టరు మోగుతోందా, దాని ముందు చిల్లుల రేకు. ఎవరింట్లోనైనా పాత వాల్వు రేడియో ఇంకా బతికుంటే, దాని ముఖాన మెరుపు దారం కలిపి నేసిన గుడ్డ ఉంటుంది. మన ఇళ్ళలో ఆ గుడ్డ మీద ఇంకో గుడ్డ కూడా కప్పేవాళ్ళు. ఇంట్లో ఆడపిల్లలు క్రోషియాతో అల్లిన లేసు, వార్తల వేళకి పైకెత్తి మళ్ళీ దించేది. నేనివాళ మాట్లాడబోయేది లేసు గురించి కాదు, దాని కింది గుడ్డ గురించి. ముఖ్యంగా యాభై, అరవై ఏళ్ళ కిందటి హై-ఫై స్పీకర్ల ముందుండే గుడ్డ చిరిగినా, మాసినా, పొడిపొడిగా రాలిపోతున్నా ఏం చెయ్యాలన్నది.

దిండు గలేబు చిరిగితే కొత్తది కుట్టించుకోమూ, దీనికో ప్రసంగం కూడానా అని మీకనిపించవచ్చు. గలేబు మారిస్తే దిండు మారదు. స్పీకరు ముందు గుడ్డ మారిస్తే మాత్రం స్పీకరే మారుతుంది. మారేది కొంచెమే. ఆ కొంచెం కోసమే కదా అంత డబ్బు పోసి ఆ స్పీకరు కొన్నది!

శబ్దమంటే గాలి ఊగడం. మృదంగం తొప్పి మీద అరచెయ్యి పడితే వచ్చే బరువైన నాదం సెకనుకి ఏ వందసార్లో ఊగుతుంది. ఆ అల పొడుగు దాదాపు మూడున్నర మీటర్లు. దారిలో గుడ్డ ఒకటుందన్న సంగతే దానికి పట్టదు. తాళాల గణగణ, వీణ తీగ మీద గోరు తగిలే చప్పుడు, మాటల్లో స, శ, ష పలికేటప్పుడు వదిలే ఊపిరి, ఇవన్నీ సెకనుకి ఐదువేలు, పదివేలసార్లు ఊగే అలలు. పదివేల దగ్గర అల పొడుగు మూడున్నర సెంటీమీటర్లే. గుడ్డకి ఎంతో కొంత బరువుంది. గాలి నింపాదిగా ఊగితే ఆ బరువు ఓ లెక్కలోది కాదు, సెకనుకి పదివేలసార్లు ఊగమంటే మొరాయిస్తుంది. నేత చిక్కగా ఉంటే సందుల్లోంచి గాలి పోవడమూ కష్టమే. అందుకే గుడ్డ తప్పుగా ఎంచుకుంటే పోయేది పైస్థాయి. పాట పాటలాగే ఉంటుంది, పాడేవాళ్ళు మాత్రం పక్కగదిలోకి వెళ్ళినట్టు ఉంటుంది.

రేడియోలో మాట్లాడుతున్నాను కనక రేడియో కోసమే పుట్టిన స్పీకరుతో మొదలుపెడతాను. 1970ల మొదట్లో బీబీసీ ఇంజనీర్లకి ఒక చిక్కొచ్చింది. స్టూడియో బయట జరిగే కార్యక్రమాలు ప్రసారం చెయ్యడానికి వాడే వ్యాన్లలో చోటు బొత్తిగా తక్కువ. పెద్ద స్పీకరు పట్టదు. పోనీ హెడ్‌ఫోన్లతో సరిపెట్టుకుందామంటే ధ్వని సమతూకం వాటిలో సరిగా తెలియదు. అందుకని అడుగు ఎత్తున్న ఓ చిన్న పెట్టె తయారుచేశారు. దాని పేరు ఎల్‌ఎస్3/5ఏ. లోపల కేఈఎఫ్ కంపెనీవి రెండు యూనిట్లు, కింది స్థాయి పలికే వూఫరు బి110, పైస్థాయి పలికే ట్వీటరు టి27. హార్వుడ్, వాటన్, మిల్స్ అన్న ముగ్గురు ఇంజనీర్లు దాని రూపకల్పన మీద 1976లో బీబీసీ పరిశోధన నివేదిక రాశారు. రోజర్స్, స్పెండర్, చార్ట్‌వెల్ వంటి కంపెనీలు లైసెన్సు తీసుకుని తయారుచేస్తే, వ్యాన్లలో ఉండాల్సినది సంగీతప్రియుల ఇళ్ళలోకి చేరింది. ఈనాటికీ దానికోసం వెతికి వెతికి కొనేవాళ్ళున్నారు.

ఆ పెట్టె ముందు గుడ్డ తీసి చూస్తే ట్వీటరు చుట్టూ నాలుగువైపులా మందపాటి ఫెల్టు పట్టీలు కనిపిస్తాయి. ట్వీటరు నుంచి పక్కకి పాకే పైస్థాయి శబ్దం పెట్టె అంచుకి కొట్టుకుని మళ్ళీ చెదరకుండా అవి దాన్ని మింగేస్తాయి. అంచు మందం, అల పొడుగు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఆ చెదరడం ఎక్కువ. గుడ్డ బిగించిన చట్రం కూడా అలాంటి అంచే. అందుకే చట్రం లోపలి అంచుల్ని ఏటవాలుగా చెక్కుతారు. పాత చట్రం విరిగిందని వడ్రంగి చేత కొత్తది చేయిస్తూ, అంగుళం మందం చెక్కతో దిట్టంగా చెయ్యమంటే, గుడ్డ ఎంత పల్చటిదైనా పని చెడినట్టే.

ఇక గుడ్డ సంగతి. దాన్ని టైగన్ అంటారు. నూలు కాదు, ప్లాస్టిక్ పోగుతో నేసింది. బ్రిటిష్ స్పీకర్లలో చాలా కంపెనీలవాళ్ళు దీన్నే వాడారు. దీనికో గుణముంది. వేడి తగిలితే ముడుచుకుంటుంది. చట్రానికి ఓ మాదిరి బిగువుగా అంటించి, జిగురు ఆరాక, జుట్టు ఆరబెట్టుకునే డ్రయరు దూరంగా పట్టుకుని అటూ ఇటూ తిప్పితే, ముడతలన్నీ పోయి డోలు చర్మంలా బిగుస్తుంది. అలాగని ఇస్త్రీపెట్టె పెట్టారో, కరిగి అంటుకుపోతుంది.

కొందరు ఈ టైగన్ తీసేసి, బజార్లో దొరికే పల్చటి నల్లని సాగే గుడ్డ వేస్తారు. వేసి, "అబ్బ, తెర తీసినట్టుంది" అంటారు. పైస్థాయి కాస్త పెరుగుతుంది, నిజమే. కానీ ఆ ఇంజనీర్లు స్పీకరుని సరిచూసుకున్నది గుడ్డ తగిలించి. ఆ గుడ్డ ఎంత తింటుందో లెక్కవేసుకునే మిగతాది కూర్చారు. కనక ఇక్కడ మంచి గుడ్డ అంటే అన్నిటికన్నా పల్చటిది కాదు, మొదట ఉన్నదానిలాంటిది. నా పట్టుదల ఇదొక్కటే. పాత స్పీకరుని బాగుచేస్తున్నామంటే దాన్ని చేసినవాళ్ళ చెవికి ఆ మాత్రం మన్నన ఇవ్వాలి. కొత్తరకం ధ్వని కావాలనుకుంటే కొత్త స్పీకర్లు బజారు నిండా ఉన్నాయి.

మాటల్లో మాట. ఇంగ్లండులో వార్ఫ్‌డేల్ కంపెనీ పెట్టిన గిల్బర్ట్ బ్రిగ్స్ స్పీకర్లలోకి రాకముందు చాలా ఏళ్ళు బట్టల వ్యాపారంలో ఉన్నాడు. 1932లో కంపెనీ పెట్టి, 1954లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి తన స్పీకర్లు వినిపించినవాడు. తాను చూసి చూసి ఉన్న సరుకునే స్పీకరు ముందు బిగించుకున్నాడన్నమాట.

అమెరికావాళ్ళ దారి వేరు. మసాచుసెట్స్‌లో, కేంబ్రిడ్జి ఊళ్ళో, ఎడ్గార్ విల్చర్ అనే ఆయన 1954లో అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టాడు. పెట్టెని గాలి చొరకుండా మూసేసి, లోపలి గాలినే వూఫరుకి స్ప్రింగుగా వాడుకోవడం ఆయన తెచ్చిన పద్ధతి. బీరువా అంత పెట్టె లేనిదే మంద్రం పలకదనుకునే రోజుల్లో, పుస్తకాల అరలో పట్టే పెట్టెతో పలికించాడు. ఆ కంపెనీది 1967లో వచ్చిన ఏఆర్-3ఏ అనే మోడలు చాలా పేరుపొందింది. పన్నెండు అంగుళాల వూఫరు, దానిపైన చిన్న డోములు రెండు. ముందు లేతరంగు లినెన్ తరహా గుడ్డ. అక్కడక్కడా లావుపాటి పోగు తేలే ముతక నేత అది.

మా బావగారు బోస్టన్‌లో ఉద్యోగం మానేసి తిరిగొచ్చేటప్పుడు ఇంటిసామానుతో పాటు ఓడలో వేయించుకొచ్చిన ఏఆర్-3ఏ జత ఒకటుంది. ఒక్కోటి ఇరవైనాలుగు కిలోలు. వాటి ముందు గుడ్డ టీ వడగట్టిన రంగులోకి తిరిగిపోయి, ఓ మూల పిల్లి గోళ్ళతో గీరిన చోట పోగులు వేలాడుతున్నాయి. చట్రం ఊడదీసి వెనక్కి తిప్పాను. వెనక మడతపెట్టి అంటించిన అంచు, వెలుతురూ పొగా తగలని ఆ వేలెడు వెడల్పు, కొత్త తానులోంచి చింపినంత తెల్లగా ఉంది. అసలు రంగేదో, నేత ఎంత ఎడంగా ఉండేదో చెప్పగలిగే సాక్ష్యం అదొక్కటే. అందుకే పాత గుడ్డని బరబరా లాగి పారెయ్యొద్దంటాను. ఆ మడత ముక్క ఒకటి కోసి, కవర్లో పెట్టుకుని, దాన్ని పట్టుకుని బజారుకి వెళ్ళాలి.

"ఉతికితే పోదుటోయ్?" అన్నారు బావగారు. మంచి ప్రశ్నే. చిరగకుండా మాసిపోయినది మాత్రమే అయితే ముందు శుభ్రం చేసి చూడటమే ధర్మం. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపాలి. ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో చుక్క షాంపూ కలిపి, పిండిన స్పాంజితో అద్దాలి. చట్రంతో సహా బకెట్లో ముంచకూడదు. ఆ కాలపు చట్రాలు చాలావరకు హార్డ్‌బోర్డువి. నీళ్ళు తాగితే అప్పడంలా ఉబ్బి, మళ్ళీ చదును కావు. ఇంకొందరు మరకలు కనపడకుండా గుడ్డ మీద రంగు స్ప్రే కొడతారు. అది మాత్రం చెయ్యకండి. రంగు పోయి సందుల్లో కూర్చుంటుంది, గుడ్డ గోడవుతుంది.

బావగారి గుడ్డ ఉతికినా ఒరిగేది లేదు, చిరిగింది కదా. అలాంటి లినెన్ ఎక్కడ దొరుకుతుంది? అమెరికాలో ఈ పని చేసేవాళ్ళు స్పీకర్ల దుకాణానికి కాదు, కుట్టుపని సామాన్ల దుకాణానికి వెళ్తారు. క్రాస్ స్టిచ్ కుట్టుకోవడానికి అమ్మే లినెన్ అంగుళానికి ఇన్ని పోగులని లెక్క కట్టి నేస్తారు. పడుగూ పేకా ఒకే ఎడంలో ఉంటాయి. పాత ముక్క మీద స్కేలు పెట్టి, భూతద్దంలో అంగుళానికి పోగులెన్నో లెక్కపెట్టుకుంటే సరిపడే గుడ్డ అడిగి తెచ్చుకోవచ్చు.

మన దగ్గర చేనేత ఉండగా అంత దూరం ఎందుకని అడుగుతారు. నాకూ ఆ మమకారం ఉంది. పోచంపల్లి ఇక్కత్ స్పీకరు ముందు బిగిస్తే చూడముచ్చటగానే ఉంటుంది. అయితే కట్టుకోవడానికి నేసిన గుడ్డ సాధారణంగా చిక్కటి నేత. ఒంటిని కప్పడానికి పనికొచ్చే గుణమే ఇక్కడ పనికిరాదు. జరీ ఉన్నది అసలే వద్దు, బరువు. కోటా చీరలో గళ్ళ మధ్య సందులు బాగానే ఉంటాయి, దాని పోగు మాత్రం బిగించి లాగితే జరిగిపోతుంది. దుకాణంలో పరీక్ష చాలా తేలిక. గుడ్డని నోటికి అడ్డం పెట్టుకుని ఊదండి. అవతల అరచేతికి ఊపిరి అడ్డులేకుండా తగలాలి. బలంగా ఊదాల్సి వస్తోందంటే ఆ గుడ్డ చొక్కాకి ఉంచుకోండి.

ఇంటికొచ్చాక ఇంకో పరీక్ష ఉంది. దానికి మళ్ళీ రేడియోయే కావాలి. పాత ఎఫ్ఎం ట్యూనరు ఉంటే, ఏ స్టేషనూ లేని చోట ముల్లు ఆపండి. బుస్సుమని హోరు వస్తుంది చూశారా, దానిలో కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా అన్నీ ఉంటాయి. దాన్ని స్పీకరుకిచ్చి, మీరు కూర్చునే చోట కూర్చుని, ఇంకొకరి చేత గుడ్డని ట్వీటరుకి అడ్డం పెట్టించండి, తీయించండి. హోరు రంగు ఏ మాత్రం మారినా చెవికి వెంటనే పట్టుబడుతుంది. పాటతో ఇంత తొందరగా తేలదు, ఎందుకంటే పాటలో మన మనసు రాగం మీదికి పోతుంది. ముందు పాత గుడ్డతో వినండి, తర్వాత కొత్తదానితో. రెండూ ఒక్కలా వినిపిస్తే మీ వెతుకులాట అయిపోయినట్టే.

గుడ్డ కాకుండా ఫోముతో చేసిన ముఖాలు కూడా ఉన్నాయి. వీటిలో పేరుమోసినది జేబీఎల్ కంపెనీ ఎల్100. 1970లో వచ్చింది. స్టూడియోల్లో వాడే స్పీకరునే ఇళ్ళకోసం వాల్‌నట్ చెక్క పెట్టెలో పెట్టి అమ్మారు, ఆ కంపెనీ అప్పటిదాకా చేసినవాటిలో ఎక్కువగా అమ్ముడైనది అదే. దాని ముందు నారింజ, నీలం వంటి రంగుల్లో, చిన్న చిన్న చదరాలుగా ఉబ్బెత్తుగా కోసిన ఫోము పలక. దానికి క్వాడ్రెక్స్ అని పేరు. డెబ్భైల నాటి ఫొటోల్లో గదికంతటికీ అదే అందంగా కనిపిస్తుంది. పాలీయురితేన్ ఫోముకి గాలిలో తేమే శత్రువు. ఏళ్ళు గడిచేకొద్దీ తేమ దాని అణువుల్ని విడగొడుతుంది. మొదట జిగటగా తయారై, తర్వాత వేలు పెడితే చాలు రాలిపోతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రం పక్క ఊళ్ళలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. దీనికి అతుకూ లేదు, మందూ లేదు, కొత్తది వెయ్యడమే. 2018లో ఆ కంపెనీయే ఎల్100 క్లాసిక్ పేరుతో పాత రూపాన్ని మళ్ళీ తెచ్చింది, అదే చదరాల ఫోముతో.

చిత్రమేమిటంటే ఆ పాత ఎల్100లో వూఫరు అంచు ఫోము కాదు, మడతలు మడతలుగా ఉండే గుడ్డ. కాబట్టి ముఖం పూర్తిగా రాలిపోయినా లోపలి తెల్ల కోను నిక్షేపంగా ఉండే అవకాశముంది. రాలిన పొడిని లోపలికి తోసి దాన్ని పాడుచెయ్యకూడదు. వాక్యూమ్ క్లీనరు పెడితే ట్వీటరు లాగేసుకుపోతుంది. స్పీకరుని ముందుకి వంచి, ఎవరినైనా పట్టుకోమని, చిత్రకారులు వాడే మెత్తటి కుంచెతో కింది నుంచి దులిపితే పొడి నేలమీద పడుతుంది.

ఇంకొక్క హెచ్చరిక. క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ అని 1957లో పీటర్ వాకర్ తెచ్చిన స్పీకరుంది, గదిని వెచ్చబెట్టే రేడియేటరులా చిల్లుల లోహపు ముఖంతో. దాని లోపల కోనులుండవు, వేల ఓల్టుల మీద సాగదీసిన పల్చటి పొర ఉంటుంది. ఆ జాలీ వంగింది కదా అని విప్పి సరిచెయ్యాలనే ఉబలాటం పెట్టుకోకండి. కరెంటు తీసేసినా ఆ ఓల్టేజి వెంటనే పోదు. అది తెలిసినవాళ్ళకి ఇచ్చెయ్యాల్సిన పని.

సరే, గుడ్డ దొరికింది. బిగించడమెలా? మొదటి సూత్రం, చట్రాన్ని స్పీకరుకి దూరంగా, వీలైతే వేరే గదికి తీసుకుపోయి పని చెయ్యండి. వూఫరు వెనక బలమైన అయస్కాంతం ఉంటుంది. చేతిలోని స్క్రూడ్రైవరుని అది గుంజుకుంటే కాగితం కోను ఒక్క క్షణంలో చిల్లుపడుతుంది. ఎన్నో మంచి స్పీకర్లు గుడ్డ మార్చబోయే ప్రాణం పోగొట్టుకున్నాయి.

పెట్టెకి చట్రం కొన్నిటిలో వెల్క్రోతో ఉంటుంది, కొన్నిటిలో జిగురుతో. గుచ్చి పైకి లేపడానికి ఇనుప పనిముట్టు కాకుండా పలచటి ప్లాస్టిక్కు పలక వాడండి, వాల్‌నట్ పొర అంచు లేచిపోకుండా ఉంటుంది. కంపెనీ పేరున్న ఇత్తడి బిళ్ళని ముందుగా తీసి దాచండి. దాని కాళ్ళు సన్నటి పిన్నులు, వంకర్లు పోతే విరుగుతాయి. గుడ్డని పట్టి ఉంచిన పాత పిన్నులు పీకేసి, జిగురు గీకేసి, చట్రం పగిలిన చోట ఫెవికాల్ పెట్టి బిగించి రాత్రంతా ఉంచండి. కొత్త గుడ్డ పల్చగా ఉంటే వెనకున్న చెక్క తెల్లగా కనపడుతుంది, కాబట్టి చట్రానికి మెరుపులేని నల్లరంగు వెయ్యాలి.

నూలు, లినెన్ అయితే ముందు ఒకసారి తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చెయ్యాలి. లేకపోతే వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఇంకోలా ఉంటుంది. గుడ్డని చట్రంకన్నా అన్నివైపులా మూడు వేళ్ళు ఎక్కువ ఉంచి కోసి, పోగు వంకర పోకుండా, ఒక పోగుని చట్రం అంచుకి సమంగా పెట్టుకోవాలి. ముందు పై అంచు మధ్యలో ఒక పిన్ను. తర్వాత కింది అంచు మధ్యలో, లాగి ఒకటి. అలాగే పక్కలకి. ఆ తర్వాత మధ్య నుంచి మూలల వైపు జరుగుతూ, ఒకవైపు కొడితే దానికెదురువైపు కొడుతూ పోవాలి. ఒక అంచంతా ఒకేసారి కొట్టేశారా, నేత విల్లులా వంగుతుంది. ఎంత దూరం నుంచి చూసినా ఆ వంపు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మూలల్లో గుడ్డ మందంగా పోగుపడితే చట్రం పెట్టెలో కూర్చోదు, అదనపు ముక్కని కత్తిరించి మడవాలి. సోఫాలు కుట్టేవాళ్ళ దగ్గరుండే పిన్నుల గన్ను దీనికి బాగా పనికొస్తుంది. పొడుగు పిన్ను మాత్రం వద్దు, హార్డ్‌బోర్డు దాటి ముందుకి పొడుచుకొస్తుంది. ఎంత బిగువు అంటారా? వేలితో మీటితే ఆగి వెనక్కి రావాలి. వదులుగా ఉంటే మంద్రం గట్టిగా మోగినప్పుడు అది కూడా ఊగి జిర్రుమంటుంది.

రెండు స్పీకర్లకీ ఒకే తానులోంచి, ఒకేసారి కొనండి. వచ్చే నెల ఇంకో గజం తెచ్చుకుందామంటే ఆ రంగు మళ్ళీ రాదు. కొనడం ఒకేసారి, బిగించడం మాత్రం ఒకదాని తర్వాత ఒకటి. ముందు ఒక్క స్పీకరుకే వెయ్యండి, రెండోదానికి పాతది అలాగే ఉంచండి. ఆంప్లిఫయరుని మోనోలో పెట్టి, వార్తలు చదివే గొంతు ఏదైనా పెట్టుకుని, బ్యాలెన్సు మీట ఎడమకీ కుడికీ తిప్పుతూ వినండి. చదివేవారు గది మారినట్టు అనిపిస్తే, రెండో స్పీకరు జోలికి పోకముందే గుడ్డ మార్చండి. తేడా ఏదీ తెలియకపోతే రెండోది కూడా విప్పవచ్చు.